చెప్పకూడని పసరు

హిందూపురం శివశంకర్‌ను నేను ఇంకా క్షమించలేదు. అది ముందే చెప్పి మొదలుపెడతాను. ఆకులకూ వేర్లకూ బేరం చేసే మనిషి అతను. స్టేషను వెనక గోదాము, గోదాము ముందర తెల్ల కారు, జేబులో మూడు పెన్నులు. పెనుకొండ కింద నా చేన్లో వేరుశనగ వరసగా మూడేండ్లు మాడిపోయినప్పుడు వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. బిళ్ళగన్నేరు పెట్టమన్నాడు. నీళ్లు అడగదు, గొర్రె ముట్టదు, ఆకుకు ఒక రేటు, వేరుకు రెండింతల రేటు అన్నాడు. అంతటితో కారెక్కి పోయుంటే బాగుండేది. "వేర్లోనే ఉండాది అప్పా అసలు సత్తా" అని కూడా అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఎంత దూరం పోయానో ఇన్ని వారాలుగా చెప్తూ వస్తున్నాను.

మధ్యలో చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. నా పేరు హనుమంతరాయుడు. ఏడో తరగతితో బడి వదిలినవాణ్ణి. ధర్మవరంలో మా అక్క సరోజమ్మ ఉంది. ఆమెకు ఒక్కతే కూతురు పవిత్ర, ఇరవై నాలుగేండ్ల పిల్ల. బావ పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో మగ్గం గుంటలో కూర్చునేది పవిత్రే. ఈ ఏడాది ఆ పిల్ల మెడ పక్కన గడ్డలు లేచాయి. లింఫోమా అనే క్యాన్సరు అన్నారు. పుట్టపర్తి ఆసుపత్రిలో ఇరవై ఒక్క రోజులకొకసారి మందు ఎక్కిస్తున్నారు. రెండు విడతలకే గడ్డలు సగానికి దిగాయి. మూడో విడతకు తెచ్చిన రోజు పిల్ల మంచం దిగి నిలబడలేకపోయింది. పాదాలు వేలాడిపోయాయి. కళ్లు తిరిగి రెండుసార్లు పడింది. మంచం కింద దాచిన స్టీలు సీసా అందుకోబోతే అది వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. మూత ఊడింది. ఆకుపచ్చ పసరు నేల మీద పారి, అప్పుడే వార్డులోకి వస్తున్న సాల్మన్ బూట్ల దగ్గర ఆగింది. పోయిన వారం అక్కడ వదిలాను.

సాల్మన్‌ది మా పక్క పల్లె. పెనుకొండ బడిలో నా పక్క బెంచీ కాదు, నా బెంచీయే. లెక్కలు నా నోటు పుస్తకం చూసి రాసినవాడు. నేను బడి వదిలి గొర్రెల వెంట పోయిన ఏడాదే వాడు హాస్టల్లో చేరాడు. ఇప్పుడు ఆ ఆసుపత్రిలో క్యాన్సరు మందులు కలిపే గదికి వాడే పెద్ద. రెండు జతల గ్లౌజులు తొడుక్కుని గాజు పెట్టెలోకి చేతులు పెట్టి బొట్టు బొట్టు కొలుస్తాడు. వాణ్ణి చూసినప్పుడల్లా నా నోటు పుస్తకం గుర్తొచ్చి కడుపు మండేది. దాచుకోను.

వాడు కిందికి వంగి, జేబులోంచి కాగితం తీసి, పసరు మీద అద్ది వాసన చూశాడు. ఇదేమిటని అడిగాడు. కాకరకాయ రసం అని అక్క చెప్పింది. తడుముకోకుండా చెప్పింది. సాల్మన్ పవిత్ర వైపు చూశాడు. పవిత్ర నా వైపు చూసింది. ఆ చూపు వాడు పట్టేశాడు. నన్ను బయటికి రమ్మన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే అక్క అబద్ధాలకోరు అనుకుంటారు. మా అవ్వ కదిరమ్మ పచ్చకామెర్లకు పసరు పోసేది. చుట్టుపక్కల ఏడెనిమిది ఊర్ల నుంచి వచ్చేవాళ్లు. దుడ్లు ముట్టేది కాదు, టెంకాయ కూడా తీసుకునేది కాదు. ఒకటే నియమం పెట్టేది. ఆకు పేరు గానీ, పోసిన మనిషి పేరు గానీ మూడో చెవిన పడకూడదు. పడితే మందు చస్తుంది, తాగినవాళ్ల ఒంట్లోనే చస్తుంది అనేది. ఆ నియమం మా ఇంట్లో దీపం పెట్టడం లాంటిది, ఎవరూ ఎందుకని అడగలేదు. నేను మొదటి సీసా ధర్మవరం తీసుకుపోయిన పొద్దున, దేవుని పటం ముందర కర్పూరం వెలిగించి, తల్లీ బిడ్డల చేత ఒట్టు పెట్టించాను. ఆ తర్వాత ఆసుపత్రిలో డాక్టరమ్మ వచ్చినప్పుడల్లా వేరే మందులేమన్నా వాడుతున్నారా అని అడిగింది. మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అక్క లేదని చెప్పింది. ఆమె లెక్కలో అది అబద్ధం కాదు. పథ్యం.

సాల్మన్ తన గదిలో నన్ను కూర్చోమన్నాడు. నేను నిలబడే ఉన్నాను. బల్ల మీద పవిత్ర రక్తం రిపోర్టు ఉంది. తెల్లకణాలు నాలుగు వేలకు పైన ఉండాల్సినవి తొమ్మిది వందలకు పడిపోయాయన్నాడు. ఇట్లాంటప్పుడు చిన్న జ్వరం వచ్చినా మనిషి దక్కడం కష్టమన్నాడు. బీపీ డెబ్బై దాటడం లేదన్నాడు. మందు సరిగానే కలిపానా, కొలత తప్పానా అని పొద్దుటి నుంచి తన పుస్తకం తిరగేశాడట. గొంతు తగ్గించి, ఏం ఆకు అని అడిగాడు.

నేను చెప్పలేదు. మళ్లీ అడిగాడు. మూడోసారి అడిగేసరికి నాకు తెగువ వచ్చింది. ఎన్నాళ్ల నుంచో ఈ మాట వాడి మొహాన కొట్టాలని ఉంది.

"నువ్వు సూదిలో ఎక్కిస్తాండావే, అదే. నా చేన్లోది. నువ్వు చుక్క ఇస్తాండావు, నేను గ్లాసు ఇస్తాండా. నువ్వు బిల్లు ఏస్తావు, నేను ఎయ్యను."

సాల్మన్ మొహంలో రక్తం దిగిపోవడం నేను కళ్లారా చూశాను. కుర్చీ వెనక్కి తోసుకుని కూర్చున్నాడు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"బిళ్ళగన్నేరా?"

అవునన్నాను.

"నేనే కదా నీకు చెప్పింది" అన్నాడు. నాతో అన్నట్టు లేదు.

వాడే చెప్పాడు. మొదటి విడత రోజు, ఆసుపత్రి గేటు ముందర టీ తాగుతూ. నువ్వు చేన్లో పెట్టినావే అప్పా, ఆ చెట్టు లోంచే తీస్తారు మన పాపకు ఎక్కించే మందు, విన్‌క్రిస్టిన్ అంటారు అని. చిన్ననాటి స్నేహితుడి మనసు తేలిక చేద్దామని అన్నాడేమో. నా మనసు తేలిక కాలేదు, ఎగిరింది. ఏడో తరగతి మానినవాడి చేన్లో, ఎవరికీ పట్టని రాళ్ల చేన్లో, క్యాన్సరు మందు పండుతోంది. ఇంక ఆ పిల్లను ఆ సీసాలకూ సూదులకూ అప్పజెప్పి చేతులు కట్టుకుని కూర్చోవడమేమిటి? మరుసటి పొద్దున ఆకు కోసి, రోట్లో నూరి, గుడ్డలో పిండి, మజ్జిగలో కలిపి తీసుకుపోయాను. రోజూ పరగడుపున అర గ్లాసు. సూదీ ఉంటుంది, పసరూ ఉంటుంది. రెండింతల మందు, రెండింతల వేగం. అంతే నా లెక్క. నా నోటు పుస్తకంలో లెక్కలు ఎప్పుడూ తప్పలేదు.

సాల్మన్ సొరుగులోంచి ఏదో తీస్తాడనుకున్నాను. ఉత్త చేతిని చాచి, రెండు వేళ్ల కొసలు కలిపి చూపించాడు. ఒక ఆవగింజ బరువు అన్నాడు. రెండు మిల్లీగ్రాములు. అంతకు మించి ఒక్కసారికి ఏ మనిషికీ ఎక్కించరు. ఆ ఆవగింజంత మందు తియ్యడానికి నా చేన్లోని ఆకు బస్తాలకు బస్తాలు ఎండబెట్టి పిండాలి. మరి అర గ్లాసులో ఎంత వచ్చి ఉంటుందని అడిగాను. అదే తెలీదు హనుమంతూ, అన్నాడు. ఆ ఆకులో వందకు పైగా సరుకులున్నాయి. ఏది ఎంతో, ఏది దేని జోలికి పోతుందో, ఏ పొద్దు ఆకులో ఎక్కువో ఏ పొద్దు తక్కువో ఎవరికీ తెలీదు. సూదిలో ఉండేది ఒక్క సరుకు. దాని కొలత తెలుసు. కొలత తెలిసింది కాబట్టే అది మందు అన్నాడు. ఈ మాట ఆ రోజు నాకు ఎక్కలేదు. ఇప్పుడు రాస్తుంటే ఎక్కుతోంది.

పైకి పోదాం రమ్మన్నాడు. పవిత్రకు తెలియాలి, అది ఆ పిల్ల ఒళ్లు అన్నాడు.

పవిత్ర మంచం మీద వెల్లకిలా పడుకుని రెండు చేతులూ దుప్పటి మీద పెట్టుకుని ఉంది. పట్టు పోగు తెగితే కంటితో చూడకుండా బొటనవేలూ చూపుడువేలూ తిప్పి ముడి వేసే చేతులు. నెల నుంచి ముడి జారుతోందని అక్క అంటూనే ఉంది. నీరసమని చెప్పి నేను ఇంకో గుక్క ఎక్కువ పోశాను.

సాల్మన్ స్టూలు లాక్కుని కూర్చుని, దుప్పటి అంచులోంచి ఒక దారం పీకాడు. మీరు నేసేవాళ్లు, మీకు చెప్తే అర్థమవుతుందని మొదలుపెట్టాడు. వాడు చెప్పింది నాకు అర్థమైనంత మటుకు రాస్తాను.

ఒంట్లో ఒక కణం రెండు కావాలంటే ముందు లోపల పోగులు వేసుకుంటుందట. ఈ కొస నుంచి కొన్ని, ఆ కొస నుంచి కొన్ని. మన పోలికలన్నీ ఉండే జన్యువుల మూటలు మధ్యలో వరసగా నిలబడితే, ఆ పోగులు వాటిని పట్టుకుని సగం ఇటూ సగం అటూ లాగుతాయి. అప్పుడే ఒకటి రెండవుతుంది. ఆ పోగు నూలు లాంటిది కాదు, పూసల దండ లాంటిది. ఆ పూస పేరు ట్యూబులిన్, ఒక రకం ప్రొటీను. పూస వెనక పూస అతుక్కుంటూ పోగు సాగుతుంది. పని తీరాక పూసలు విడిపోతాయి. బిళ్ళగన్నేరు మందు పోయి సరిగ్గా ఆ పోగు కొసన, పూసకూ పూసకూ నడుమ కూర్చుంటుంది. తర్వాతి పూస అతకదు. పోగు సాగదు. మూటలు మధ్యలోనే నిలిచిపోతాయి. రెండు కాలేక ఆ కణం చస్తుంది. క్యాన్సరు కణాలకు రెండు కావడమే పని కాబట్టి దెబ్బ ముందు వాటికి తగులుతుంది.

"పడుగు ఎక్కకుంటే మగ్గం ఆడదు కదా" అంది పవిత్ర. పాఠం అప్పజెప్పినట్టు అంది. "మరి నా చేతి యేళ్లకేమైంది సార్? యేళ్లల్లో క్యాన్సరు లేదు కదా."

సాల్మన్ చేతిలోని దారాన్ని మంచం పొడుగునా చాచాడు. వెన్నులోంచి పాదం దాకా, వేలి కొస దాకా నరం ఇంత పొడుగున పోతుంది. దానికి కావలసిన సరుకంతా వెన్ను దగ్గరి నుంచే రావాలి. ఆ సరుకు నడిచే దారులు కూడా ఆ పూసల పోగులే. ఇది క్యాన్సరు పోగు, ఇది నరం పోగు అని మందుకు తెలీదు. దారి తెగితే అన్నిటికన్నా దూరాన ఉన్నచోటికి ముందు సరుకు ఆగిపోతుంది. పాదాలు, వేళ్లు. ఎముకల్లో రక్తకణాలు పుట్టేచోట కూడా పొద్దస్తమానం ఒకటి రెండవుతుంటుంది, అక్కడా ఇదే కథ. సూదితో కొంత తిమ్మిరి అందరికీ వస్తుంది, కొలత తగ్గించుకుంటూ పోతే చాలామందికి మెల్లగా తగ్గుతుంది. రెండు విడతలకే పాదం వేలాడిపోవడం మాత్రం వాడు ఎన్నడూ చూడలేదట. సూది మందును కాలేయం విరగ్గొట్టి బయటికి పంపాలి. పసరులోని సరుకులన్నీ అదే గడప దగ్గర గుంపు కడితే సూది మందు ఇంకా ఎక్కువసేపు లోపలే తిరుగుతుండవచ్చు. ఖాయంగా చెప్పలేనన్నాడు. మనిషికి ఇట్లా రెండూ కలిపి పోసి చూసినవాడు ఎవడూ లేడన్నాడు.

అక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడవలేదు. నా వైపు చూడలేదు.

అప్పుడు సాల్మన్ అడిగిన ప్రశ్న రాయడానికే ఈ వారమంతా నేను జంకుతున్నాను. కణాలు పడిపోవడం, వేళ్లు మొద్దుబారడం ఆకుతో సరిపోతుంది, బీపీ ఇంతగా పడిపోవడం ఆకుతో సరిపోదు అన్నాడు. ఆకు ఒక్కటేనా, వేరు కూడానా? దాన్నిబట్టి డాక్టరమ్మ ఏం ఎక్కించాలో తేలుస్తుంది, తప్పు చెప్తే పిల్ల గుండె మీదికి వస్తుంది అన్నాడు.

"ఆకే" అంది అక్క. "నా కండ్ల ముందరే గ్లాసులో పోసినాడు. పచ్చగా ఉండాది చూడు. నా తమ్ముడు నాకు చెప్పకుండా ఏమీ చెయ్యడు."

పది రోజుల కింద, రెండో విడత అయ్యాక, పిల్ల త్వరగా లేవడం లేదని నాకు తొందర పుట్టింది. శివశంకర్ మాట గుర్తొచ్చింది. వేర్లోనే ఉండాది సత్తా. రెండింతల రేటు ఊరికే ఇస్తాడా? వేరు తవ్వడానికి ఇంకా మూడు నెలలుంది. అయినా చేను తూర్పు గట్టు పక్కన ఒక సాలు తవ్వేశాను. వేరు కడిగి, దంచి, ఆకుతో కలిపి నూరాను. రంగు మారకుండా ఆకు ఇంకో పిడికెడు వేశాను. అక్కకు చెప్పలేదు. అవ్వ నియమం అక్క మీద కూడా పని చేసింది.

నేను ఊరుకుంటే అక్క మాటే కాగితం మీద ఎక్కుతుంది. సాల్మన్ పెన్ను తీసి ఉన్నాడు. పవిత్ర కళ్లు మూసుకుని ఉంది. గొంతు కింద నరం కొట్టుకోవడం కూడా సరిగా కనబడడం లేదు.

"వేరు కూడా" అన్నాను.

అక్క తల తిప్పి చూసింది. నాకు యాభై రెండేండ్లు. మా అక్క నన్ను అట్లా చూడటం అదే మొదలు.

సాల్మన్ నన్ను తిట్టలేదు. వేరు కొనేవాడి నంబరు అడిగాడు. నా ఫోన్లోంచే శివశంకర్‌కు కలిపి, అందరికీ వినబడేట్టు పెట్టాడు. అటువైపు తక్కెడ చప్పుడూ హమాలీల కేకలూ వినిపించాయి. వేరు దేనికి పోతుందని సాల్మన్ అడిగాడు. శివశంకర్ చెప్పాడు. రక్తపోటు మందుకు పోతుంది, అజ్మలిసిన్ అని తీస్తారు, రక్తనాళాలు వదులు చేస్తుంది, అందుకే దానికి రేటు. నేను మధ్యలో దూరి, సత్తా వేర్లో ఉంది అని నువ్వే కదా అన్నావని అరిచాను.

"అన్నా. బీపీకి అని కూడా అన్నా, గట్టు మీదే నిలబడి" అన్నాడు శివశంకర్. "నీకు ఆ పొద్దు రేటు తప్ప ఇంకోటి వినపడల్యా రాయుడప్పా. నేను దుడ్లు ఇచ్చేది సరుకుకు. వైద్యం చెయ్యమని ఇచ్చిన్నా?"

అన్నాడు. నిజంగానే అన్నాడు. ఫోను పెట్టేశాక ఆ గట్టు, ఆ ఎండ, అతని మూడు పెన్నులు అన్నీ గుర్తొచ్చాయి. మాట కూడా గుర్తొచ్చింది. అయినా అతన్ని క్షమించలేదు. ఇంకొక్కసారి చెప్పి ఉంటే అతని సొమ్మేం పోయేది?

సాల్మన్ పరుగున డాక్టరమ్మ గదికి పోయి వచ్చాడు. నాళాల గోడల మీద బిగుసుకోమని ఒంటి ఆజ్ఞ వచ్చి తాకేచోట్లు ఉంటాయట. వేరులోని సరుకు పోయి ఆ చోట్లు ఆక్రమించుకుంటుంది. ఆజ్ఞ వచ్చినా వినేవాడుండడు. నాళాలు వదులైపోయి రక్తం కిందికి జారుతుంది, అందుకే పిల్ల లేచినప్పుడల్లా పడింది. సెలైను వేగం పెంచారు. ఇంకో మందు కలిపారు. పసరు ఆగింది కాబట్టి బీపీ ఒకటి రెండు రోజుల్లో నిలబడుతుందని ఆశ ఉందన్నారు. మూడో విడత మాత్రం ఆపేశారు. తెల్లకణాలు పది రోజుల్లో లేస్తే మళ్లీ మొదలుపెడతారు. లేవకపోతే? సగానికి దిగిన గడ్డలు ఎవరి కోసమూ కాచుకోవన్నాడు సాల్మన్. పవిత్ర బతుకు ఆ పది రోజుల మీద నిలబడింది. దాన్ని అక్కడికి తెచ్చి నిలబెట్టింది నేను.

అక్క అప్పుడు మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"నాయన పోయినప్పుడు నా భాగం వద్దని నీకు రాసిచ్చినా. గుర్తుండాదా రాయుడూ?"

ఉందన్నాను.

"నీ బిళ్ళగన్నేరు ఉండేది ఆ భాగంలోనే. తిరిగి నా పేర రాయి. చెట్లు పీకిచ్చి, చేను అమ్మి, నా బిడ్డను బెంగళూరు తీస్కపోతా. ఇంక నువ్వు మా గడపలోకి ఏదీ చేత్తో పట్టుకుని రావద్దు. ఒట్టి చేతులతో కూడా రావద్దు."

సరే అన్నాను. ఇంకేమంటాను? పెనుకొండ రిజిస్ట్రారాఫీసుకు సోమవారం వస్తానన్నాను. అంతటితో అయిపోయిందనుకున్నాను. నా వల్ల జరగాల్సినదంతా జరిగిపోయిందనీ, ఇంక దాని కింద తలవంచుకుని బతకడమేననీ అనుకుంటూ తలుపు దాకా పోయాను.

"మామా" అంది పవిత్ర.

వెనక్కి తిరిగాను. పిల్ల మోచేతి మీద లేవబోయి లేవలేక మళ్లీ పడుకుంది.

"ఒట్టు తప్పుతాండా. కోపం చేసుకోవద్దు" అంది. "నీ సీసా నేనొక్కదాన్నే తాగల్యా."

అక్క గోడను వదిలి ముందుకు వచ్చింది.

పవిత్ర నెమ్మదిగా, ఊపిరి తీసుకుంటూ చెప్పింది. వాళ్ల వీధిలో రెండిళ్ల అవతల వనిత ఉంది. ఇద్దరూ ఒకే మేస్త్రీకి నేస్తారు, ఒకరి పోగు తెగితే ఇంకొకరు పోయి అతికించేవాళ్లు. వనితకు షుగరు ఉందని పోయిన నెల పరీక్షలో తేలిందట. బిళ్ళగన్నేరు ఆకు షుగరుకు మంచిదని ఆ వీధిలో ఎవరినడిగినా చెప్తారు. మామ సీసా ఎట్లాగూ అర గ్లాసుకు ఎక్కువే ఉంటుంది కదా అని మిగిలింది పవిత్ర రోజూ వనితకు పోసింది. ఎవరికీ చెప్పొద్దని తను కూడా ఒట్టు పెట్టించుకుంది. ఆసుపత్రికి వచ్చే ముందు రోజు మూడు పూటలకు సరిపోయేంత వేరే డబ్బాలో వంచి, ఫ్రిజ్‌లో పెట్టుకోమని ఇచ్చి వచ్చిందట.

"షుగరు ఎప్పట్నుంచి?" అని సాల్మన్ అడిగాడు. ఆ గొంతు ఇందాకటి గొంతు కాదు.

"కడుపుతో ఉన్నప్పట్నుంచే సార్. ఇప్పుడు నాలుగో నెల."

సాల్మన్ చేతిలో ఆ దుప్పటి దారం ఇంకా ఉంది. వేళ్లకు చుట్టుకుని ఉంది. వాడు దాన్ని చూశాడు. నేనూ చూశాను. అర్థం చేసుకోవడానికి నాకు ఏడో తరగతి చాలింది. ఆ కడుపులో ఉన్నదానికి రెండు కావడం, నాలుగు కావడం తప్ప వేరే పని లేదు.

అక్క అప్పటికే ఫోను చేస్తోంది. మోగుతోంది, ఎత్తడం లేదు. మగ్గం ఆడుతుంటే వినబడదులే అని అక్క తనకు తానే చెప్పుకుంది. మళ్లీ చేసింది. సాల్మన్ నా భుజం పట్టుకుని తలుపు అవతలికి తోశాడు.

"నువ్వు పో. నోట్లోంచి గ్లాసు లాక్కోని అయినా ఆపు. మిగిలిన పసరు తీస్కరా, ఆయమ్మను ఉన్నపళంగా తీస్కరా. నేను ఈడ డాక్టరమ్మకు చెప్పి పెడతా."

పుట్టపర్తి నుంచి ధర్మవరం దాకా బండి ఎట్లా నడిపానో నాకు జ్ఞాపకం లేదు. ఎండ నెత్తిన ఉంది. దారంతా ఒకటే మాట నోట్లో నానుతోంది. వేరు కలపనిది తాగి ఉంటే బాగుండు, పాత సీసాది తాగి ఉంటే బాగుండు. పది రోజుల నుంచి పాత సీసా అంటూ ఏదీ లేదని నాకు తెలుసు. ధర్మవరంలో ఆటోల నడుమ ఇరుక్కుని, బండి అక్కడే వదిలేసి, వాళ్ల వీధిలోకి నడిచాను.

ఆ వీధి ఎరిగినవాళ్లకు తెలుసు, పొద్దు పొడిచింది మొదలు చీకటి పడేదాకా అక్కడ ఏ ఇంట్లోనూ మగ్గం ఆగదు. ఆ చప్పుడులోనే మాట్లాడుకుంటారు, ఆ చప్పుడులోనే పిల్లలను నిద్రపుచ్చుతారు. నేను పోయేసరికి వీధి పొడుగునా మగ్గాలు ఆడుతున్నాయి. వనిత ఇంట్లో ఆడడం లేదు. తలుపు బార్లా తెరిచి ఉంది. మగ్గం గుంటలో ఎవరూ లేరు. సగం నేసిన ఎర్ర చీర మీద, పోగును అటూ ఇటూ మోసే నాడె అడ్డంగా పడి ఉంది. కిటికీ గూట్లో స్టీలు గ్లాసు ఉంది. అంచు చుట్టూ పచ్చటి గీత, ఇంకా తడి ఆరలేదు.

వనితా అని పిలిచాను. లోపలి గదిలోంచి ఒక మూలుగు వినిపించింది.

ఆ గడప ముందర నిలబడినప్పుడు భూమి సంగతి నాకు గుర్తే లేదు. సోమవారం పెనుకొండలో సంతకం చేశాను, అది వేరే కథ. ఈ మొత్తంలో నేను పోగొట్టుకున్నవాటిలో కొలిచి చెప్పగలిగింది అదొక్కటే కాబట్టి చెప్తున్నాను. కొండ కింద, తూర్పు గట్టు దాకా, రెండెకరాల నలభై సెంట్లు.